హక్కులు కొనకుండా లేబుల్ నడపడం: నెల్లూరు నుంచి ఒక ఎలక్ట్రానిక్ ఈపీ కేస్ స్టడీ

నెల్లూరులో నాకు పెళ్లిళ్లకు, సభలకు సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. ముహూర్తాలు లేని నెలల్లో ఒక చిన్న ఎలక్ట్రానిక్ మ్యూజిక్ లేబుల్ (సంగీతం విడుదల చేసే సంస్థ) నడుపుతుంటాను. మేం విడుదల చేసేవాటిలో పాట ఉండదు, గొంతు ఉండదు, చాలాసార్లు రాగం కూడా ఉండదు. అందుకే "ఇది ఎవరు కొంటారు?" అన్నది మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న అంతకంటే ముఖ్యమైనది: ఎవరో ఒకరు కొన్నాక ఆ డబ్బు ఎవరిది?

మన దగ్గర ఈ రెండో ప్రశ్నకు ఎప్పటినుంచో ఒకటే జవాబు నడుస్తోంది. జానపదాలు, ప్రైవేట్ సాంగ్స్ చేసే యూట్యూబ్ చానళ్లలో చాలావరకు 'అవుట్‌రైట్' పద్ధతి. పాడినవాళ్లకు, ట్యూన్ కట్టినవాళ్లకు ఒకసారి కొంత చేతిలో పెట్టి, స్టాంపు పేపరు మీద సంతకం తీసుకుంటారు. పాటకు కోట్లలో వ్యూస్ వచ్చినా ఆ తర్వాత వాళ్లకు పైసా రాదు. నాకు తెలిసిన కళాకారుల్లో ఇలా ఇచ్చేసి బాధపడనివాళ్లు తక్కువ. మా లేబుల్ మొదలుపెట్టినప్పుడే అవుట్‌రైట్ వద్దనుకున్నాం. హక్కులు కొనకుండా కొంతకాలానికి లైసెన్స్ తీసుకుని లేబుల్ నడపగలమా అని చూడడానికే ఈ కేసు రాస్తున్నాను. సరుకు నాలుగు ట్రాక్‌ల ఈపీ, అంటే ఆల్బమ్ కంటే చిన్న విడుదల. చేసినతను ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర టెక్నీషియన్.

ఏరేటర్లు, 35 సెంట్లు

రొయ్యల గుంటలు చూసినవాళ్లకు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు తెలిసే ఉంటుంది. పగలు నీళ్లలోని నాచు ఎండతో ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అది ఆగిపోతుంది. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రాత్రంతా ఏరేటర్లు తిప్పాల్సిందే. కిందనుంచి మోటారు గుయ్యిమంటూ ఉంటే, పైన రెక్కలు నీళ్లను కొడుతూ దరువు వేస్తుంటాయి. పక్కపక్కన ఉన్న రెండు గుంటల్లో రెక్కల వేగం ఒక్కటి కాదు. ఆ దరువులు కాసేపు కలిసి, మళ్లీ విడిపోతాయి. నైట్ డ్యూటీలో ఇది వినీవినీ, ఇతను చిన్న రికార్డర్ పెట్టి పట్టుకున్నాడు. మిగతాదంతా ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌తో చేశాడు.

గుంట యజమానిని అనుమతి అడగడానికి వెళితే ఆయన నవ్వేశాడు. "ఏందబ్బయా, ఈ సౌండు వినేదానికి ఎవురన్నా దుడ్లిస్తారా? మాకు రోజూ ఊరికినే వినబడతానే ఉండాది గదా!" చట్టం లెక్కలో ఆయనకు ఆ శబ్దం మీద కాపీరైట్ ఏమీ లేదు. రికార్డింగ్ ఎవరు పూనుకుని, బాధ్యత తీసుకుని చేస్తే వాళ్లే దాని నిర్మాత. అయినా ఆయన స్థలంలో తీసిందే కాబట్టి కవర్ మీద కృతజ్ఞతల్లో ఊరి పేరు వేశాం. తన పేరు మాత్రం వద్దన్నాడు.

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కు వచ్చింది. లేబుల్ పనిలో సంగీతం తెలిసినవాడు కూడా ఉండాలని నేననేది ఇలాంటివాటి వల్లే. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇలాంటి మోటారు గుయ్యిమనేది ప్రధానంగా దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర. కీబోర్డు మీద ఆ దగ్గరలో ఉన్న జీ స్వరం 98 హెర్ట్జ్, దాని పైన జీ షార్ప్ సుమారు 103.8. మోటారు ఆ రెండింటి మధ్యలో, జీ కంటే 35 సెంట్లు ఎక్కువలో కూర్చుంటుంది. సెంటు అంటే స్వరాల మధ్య దూరానికి కొలత, సగం స్వరానికి 100 సెంట్లు కాబట్టి 35 అంటే చెవికి బాగా తెలిసే తేడా. సింథ్‌ను (ఎలక్ట్రానిక్ కీబోర్డు వాద్యాన్ని) మామూలు శ్రుతిలో వాయిస్తే మోటారుతో కొట్టుకుంటుంది.

రెండు దారులు ఉన్నాయి. రికార్డింగ్‌ను కిందికి దించడం ఒకటి, సింథ్‌లన్నిటినీ పైకి లాగి, 'ఏ' (A) స్వరాన్ని మామూలు 440 హెర్ట్జ్ బదులు 449 దగ్గర శ్రుతి చేయడం రెండోది. మొదటిది సులువు. ఇతను రెండోదే పట్టుబట్టాడు. "మోటారుని మార్చేదేంది అన్నా, మనమే దానికి శ్రుతి కలపాల" అన్నాడు. నాకు నచ్చింది. కానీ డీజేలకు ఇబ్బంది. వాళ్లు ఒక ట్రాక్ మీద ఇంకో ట్రాక్ కలుపుతారు, మిగతా ప్రపంచమంతా 440లో ఉంది. లెక్క వేస్తే పరిష్కారం దానంతట అదే దొరికింది. వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచే కీ లాక్ తీసేసి పిచ్‌ను సరిగ్గా మైనస్ 2 శాతం దగ్గర పెడితే మోటారు, సింథ్ అన్నీ కలిసి మామూలు జీ మీదకి దిగుతాయి. ఆ ఒక్క వాక్యం రిలీజ్ నోట్స్‌లో మొదటి లైన్‌గా పెట్టాం. డీజేల నుంచి వచ్చిన మెయిళ్లలో ఎక్కువ దాని గురించే. ప్రెస్ నోట్‌లో నేను కష్టపడి రాసిన వర్ణన ఎవరూ పట్టించుకోలేదు.

మూడో ట్రాక్‌లో కరెంటు పోయే క్షణం ఉంది. మోటార్లు ఒక్కొక్కటే దిగి ఆగిపోతాయి, కాసేపటికి డీజిల్ జనరేటర్ అందుకుంటుంది. దాని ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండదు కాబట్టి ఆ తర్వాత సింథ్ కూడా ఊగుతుంది. నా మట్టుకు ఈపీ మొత్తానికి అదే అసలైన చోటు.

అగ్రిమెంట్

లేబుల్ పెట్టాలనుకునే కుర్రాళ్లు నన్ను లోగో గురించి, మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనిని చివరిసారి సరిచేయడం) గురించి అడుగుతారు. అగ్రిమెంట్ గురించి ఎవరూ అడగరు. నాకు మాత్రం టెన్షన్ అంతా అక్కడే.

మా కాగితం తెలుగులోనే, ఒకటిన్నర పేజీ. మన కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ చదివాకే అందులోని ప్రతి వాక్యం రాశాం. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లు అనుకుంటారు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, వేరే మాట రాసుకుని ఉంటే తప్ప, అది రద్దవుతుంది. 30ఏ సెక్షన్ ప్రకారం ఇవన్నీ లైసెన్స్‌లకూ వర్తిస్తాయి. రెండో నిబంధన మాలాంటి వాళ్లకు ప్రాణాంతకం. మా కొనుగోలుదారుల్లో ఎక్కువమంది జర్మనీ, జపాన్, బ్రిటన్ లాంటి చోట్ల ఉంటారు. ఆ ఒక్క మాట మరిచిపోతే, మేం సంపాదించే చోటే మాకు హక్కు లేనట్టు. "ప్రపంచమంతటా" అన్న మాట కాగితంలో ఉందా లేదా అని సంతకానికి ముందు అతని చేతే వెతికించాను.

గడువు మూడేళ్లు పెట్టాం. ఈపీలోని నాలుగు రికార్డింగులకే లైసెన్స్, తర్వాత చేయబోయే వాటి మీద మాకు ఏ హక్కూ లేదు. కవర్ మీద రికార్డింగ్ హక్కుదారుగా అతని పేరు, 'లైసెన్స్ తీసుకున్నది' అని మా పేరు. రాబడి నుంచి మాస్టరింగ్, కవర్ బొమ్మ ఖర్చులు మాత్రమే ముందు తీసుకుంటాం, అదీ సంతకం రోజే రాసుకున్న మొత్తం దాకానే. మిగిలింది చెరిసగం. నా కరెంటు బిల్లు, నా ఫోను, నేను పెట్టిన సమయం లెక్కలోకి రావు. ఖర్చులకు పరిమితి లేని అగ్రిమెంట్లు నేను చూశాను. వాటిలో కళాకారుడి వాటా ఎప్పటికీ మొదలే కాదు.

ఇది రికార్డింగ్ సంగతి. స్వరరచన వేరు. 2012 సవరణ తర్వాత, సినిమాలో భాగం కాని రికార్డింగ్‌లో ఉన్న సంగీతానికి కూడా స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంది. వారసులకో, రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఎవరికీ రాసివ్వడం కుదరదు, రాసిచ్చినా చెల్లదు. అవుట్‌రైట్ కాగితాల మీద సంతకాలు పెట్టిన మన స్వరకర్తల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఇతన్ని 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్‌లో సంగీతకర్తగా చేరమన్నాం. 2017లో అది మళ్లీ కాపీరైట్ సొసైటీగా రిజిస్టర్ అయింది. సభ్యత్వం అతనిది, అందులో వచ్చేదీ అతనిదే. ట్రాక్‌ల వివరాలు నమోదు చేయడంలో మాత్రం నేను కూర్చున్నాను, ఎందుకంటే ఆ ఫారాల దగ్గరే చాలామంది ఆగిపోతారు.

మూడేళ్లు తక్కువ కదా, లేబుల్‌కు నష్టం కదా అని నా స్నేహితుడైన ఆడిటరే అడిగాడు. ఆయనకు చరణ్‌జిత్ సింగ్ గురించి చెప్పాను. ముంబైలో సినిమా పాటలకు వాయించే ఆ సంగీతకారుడు 1982లో రోలాండ్ టీబీ 303, టీఆర్ 808, జూపిటర్ 8 అనే ఎలక్ట్రానిక్ వాద్యాలు పెట్టుకుని, డిస్కో దరువు మీద రాగాలు వాయించి ఒక ఎల్‌పీ చేశాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 2010లో ఒక డచ్ లేబుల్ మళ్లీ వేశాక, యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతం పుట్టకముందే ఆ ధ్వని ఇక్కడ వినిపించిందని ప్రపంచమంతా మాట్లాడుకుంది. ఎలక్ట్రానిక్ సంగీతానికి గిరాకీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది వచ్చిన రోజున హక్కు ఆ సంగీతం చేసినవాడి చేతిలో ఉండాలని నా ఉద్దేశం. కాపీరైట్ సౌండ్ రికార్డింగ్‌కు 60 ఏళ్లు ఉంటుంది. అందులో నాకు మూడేళ్లు చాలు.

డాలర్లు ఎలా వచ్చాయి

మేం మొదట ఈపీని, సంగీతం నేరుగా శ్రోతలకు అమ్మే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లోనే పెట్టి, నెలన్నర తర్వాత స్ట్రీమింగ్‌కు ఇచ్చాం. కారణం లెక్కే. డిజిటల్ అమ్మకం మీద బ్యాండ్‌క్యాంప్ వాటా 15 శాతం. ఈపీని ఒకరు ఏడు డాలర్లకు కొంటే డాలరు ఐదు సెంట్లు పోయి 5.95 మిగులుతుంది. దాంట్లోంచి చెల్లింపు ఫీజు, రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇంకొంత పోతుంది. ధర దగ్గర 'ఇంతకు తగ్గకుండా మీ ఇష్టం' అని పెట్టే వీలుంది. దాని వల్ల ఎక్కువ ఇచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. కొన్ని శుక్రవారాల్లో బ్యాండ్‌క్యాంప్ తన వాటా వదులుకుంటుంది, కరోనా మొదలైన 2020 మార్చి నుంచి ఉన్న అలవాటు అది. ఆ రోజే విడుదల చేయాలని అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. ఆ రోజు ప్రతి లేబుల్ మెయిల్ పంపుతుంది, మనది ఎవరూ తెరవరు. ముందు వారమే విడుదల చేసి, ఆ శుక్రవారం గుర్తుచేస్తూ ఒక చిన్న మెయిల్ పంపాం. కాకపోతే ఆ సంస్థ 2022లో ఒకరి చేతికి, 2023లో ఇంకొకరి చేతికి మారింది. అందుకే కొన్నవాళ్ల మెయిల్ జాబితాను ఎప్పటికప్పుడు దించుకుని మా దగ్గర పెట్టుకుంటున్నాం.

డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది, ఇండియా ఖాతాలో నిలవ ఉండదు, తనంతట బ్యాంకుకు వెళ్లిపోతుంది. దేనికి వచ్చిన డబ్బో చెప్పే పర్పస్ కోడ్ మొదటే సరిగ్గా ఎంచుకోవాలి. అమెరికా నుంచి వచ్చే రాయల్టీలకు డబ్ల్యూ 8 బెన్ ఫారంలో పాన్ నంబరు ఇచ్చి రెండు దేశాల పన్ను ఒప్పంద రేటు అడిగితే 15 శాతం పన్ను పట్టుకుంటారు, అడగకపోతే 30. ఇది ఐదు నిమిషాల పని. జీఎస్టీకి సేవల టర్నోవర్ 20 లక్షలు దాటాలి, మాకు ఆ భయం ఇప్పట్లో లేదు. చిన్న సంస్థగా నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. డబ్బు అడిగే సైటులోకి వెళ్లారంటే తప్పు చోటికి వెళ్లినట్టే. లేబుల్ పేరుకు ట్రేడ్‌మార్క్ మాత్రం ఖర్చు పెట్టి వేశాం. రికార్డింగ్‌లకు 9వ క్లాసు, వినోదానికి 41, చిన్న సంస్థకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయలు.

స్ట్రీమింగ్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మాలాంటి లేబుల్‌కు అది ఆదాయం కాదు, విజిటింగ్ కార్డు. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు లేని ట్రాక్‌కు రాయల్టీ లెక్కే కట్టరు. ఈ ఈపీలో మొదటి ట్రాక్ ఆ గీత దాటింది. చివరి రెండు దాటలేదు, అందులో నాకిష్టమైన జనరేటర్ ట్రాక్ కూడా ఉంది. మొత్తం రాబడిలో మూడొంతులకు పైగా కొనుక్కున్నవాళ్లదే. అయినా స్ట్రీమింగ్‌లో లేకపోతే ప్రోగ్రాములు పెట్టేవాళ్లు ఇతను ఉన్నాడనే అనుకోరు. సంగీతాన్ని స్ట్రీమింగ్ సైట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్లలో ఏడాది చందా తీసుకునేవాళ్లు, కమీషన్ తీసుకునేవాళ్లు అని రెండు రకాలు. చందా రకంలో కొన్నిచోట్ల కట్టడం ఆపితే సంగీతం తీసేస్తారు. పెళ్లిళ్ల సీజన్ బాగా లేకపోతే నేను కట్టలేకపోవచ్చు కాబట్టి కమీషన్ దారి పట్టాం.

మాస్టరింగ్ గురించి ఒక్క మాట. స్పాటిఫై ట్రాక్‌లన్నిటినీ మామూలుగా మైనస్ 14 లఫ్స్ (ధ్వని ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి సర్దుతుంది. ధ్వని పెంచడానికి గట్టిగా నొక్కి (కంప్రెస్ చేసి) పంపినా అక్కడ తగ్గించేస్తారు. ఏరేటర్ రెక్కల దెబ్బలు నిలబడాలంటే నొక్కకూడదు, మేం నొక్కలేదు.

వివాదం, హాలు, చెక్క చెంచాలు

స్ట్రీమింగ్‌కు వెళ్లిన కొన్నాళ్లకే రెండో ట్రాక్ మీద యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (నమోదైన ఆడియోను వీడియోల్లో గుర్తుపట్టే వ్యవస్థ) క్లెయిమ్ పడింది. అందులోని చప్పట్ల లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ధ్వని ముక్క) డబ్బు కట్టి కొన్న శాంపిల్ ప్యాక్‌లోది. అదే లూప్ వాడిన ఇంకెవరో తమ ట్రాక్‌ను అక్కడ నమోదు చేశారు. అసలు నిబంధన ప్రకారం, పూర్తిగా తనదైన సామగ్రినే నమోదు చేయాలి. పాటించేదెవరు! ప్యాక్ రసీదు, లైసెన్స్ షరతులు జతచేసి అభ్యంతరం పెట్టాం. అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులు గడువు. వాళ్లు మాట్లాడలేదు, గడువు ముగిశాక క్లెయిమ్ పోయింది. కానీ విడుదలకు బాగా ఊపున్న రోజులు పోయాయి. ఇప్పుడు ప్రతి ట్రాక్‌తో పాటు వాడిన ప్రతి లూప్‌కు రసీదు, ప్రాజెక్ట్ ఫైలు అడుగుతున్నాను. కొనుక్కున్న లూపులు ఉన్న ట్రాక్‌లను మేం కంటెంట్ ఐడీకి ఇవ్వం.

ప్రచారానికి డబ్బు పెట్టలేదు. ఢిల్లీలోని బాక్సౌట్ ఎఫ్ఎం, లండన్‌లోని ఎన్‌టీఎస్ లాంటి ఆన్‌లైన్ రేడియోల్లో షోలు నడిపేవాళ్లకు, వాళ్ల పాత షోలు విని, ఒక్కొక్కరికి విడిగా రాశాం. ఇండియా నుంచి అనగానే సితార్ ఎక్కడ అని ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు రెండోసారి రాయలేదు.

మాగుంట లేఔట్‌లో చిన్న హాలు తీసుకుని, నా సొంత బాక్సులు, సబ్‌వూఫర్లు పెట్టి ఒక సాయంత్రం వినిపించాం. రాత్రి పదికల్లా ముగించాం, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో బయట పెట్టే లౌడ్‌స్పీకర్లకు గడువు అదే. నా సౌండ్ కస్టమర్లు తరచుగా అడుగుతారు కాబట్టి చెబుతున్నా: పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టమే మినహాయింపు ఇచ్చింది. మామూలు ప్రోగ్రాముకు ఆ మినహాయింపు లేదు. ఆ రోజు మేం వేసింది ఈ ఈపీనే, బయటివాళ్ల పాటలు వేయలేదు. గుంట యజమాని కూడా వచ్చాడు. జనరేటర్ అందుకునే చోట సీట్లోంచి లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు, అలవాటు!

చేతిలో పట్టుకునే వస్తువు ఒకటి ఉండాలని, ఉదయగిరి చెక్క చెంచాతో పాటు డౌన్‌లోడ్ కోడ్ కార్డు పెట్టి అమ్మాం. హాల్లో బాగానే పోయాయి. విదేశాలకు మాత్రం పోస్టు ఖర్చు చెంచా ధరను మించిపోయింది, ఆపేశాం.

ఇప్పుడెక్కడుంది

ఖర్చులు తీరాయి. ఆరు నెలలకోసారి లెక్క కాగితం ఇస్తున్నాం, అతని సగం యూపీఐలో వెళ్తోంది. ఎంత చిన్న మొత్తమైనా తర్వాతి విడతకు నెట్టడం లేదు. నా వాటా తర్వాతి విడుదల మాస్టరింగ్‌కు సరిపోతుంది, అంతకు మించి మిగల్లేదు. సౌండ్ అద్దెలే లేకపోతే ఈ లేబుల్ నాకు కూడు పెట్టదు.

ఈలోగా బెంగళూరులోని పెద్ద లేబుల్ ఒకటి అతన్ని అడిగింది. కొత్త ఆల్బమ్ వాళ్లకు ఇస్తున్నాడు, దాని మీద మాకు ఎలాగూ మాట లేదు. మా గడువు అయ్యాక ఈ ఈపీని కూడా అక్కడికే తీసుకెళ్లాలని ఉంది అతనికి. "స్ట్రీములన్నీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయా అన్నా?" అని అడిగాడు. ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఉంటుంది, లేబుల్ మారినా, డిస్ట్రిబ్యూటర్ మారినా అది మారదు. కొత్త చోట అదే ఆడియో ఫైలు, అదే కోడ్‌తో ఎక్కించి, రెండూ కనిపించాకే పాతది తీయించాలి. కొత్త డిస్ట్రిబ్యూటర్ తనంతట కొత్త కోడ్ ఇవ్వబోతే వద్దనాలి. నాలుగు కోడ్‌లు, యూపీసీ (ఈపీ మొత్తానికి ఉండే బార్‌కోడ్ నంబరు), అసలు వేవ్ ఫైళ్లు, శాంపిల్ రసీదులు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి అతనికి ఇచ్చేశాను. గడువు దాకా ఆగమని చెప్పి, కొత్త లేబుల్ పంపిన అగ్రిమెంట్ కూడా తెమ్మన్నాను. అందులో ఖర్చులకు పరిమితి లేదు. అది రాయించుకునే దాకా సంతకం పెట్టొద్దన్నాను. ఇంకా బేరం నడుస్తోంది.